వేలిముద్ర పడని మనిషి

మూల దగ్గర గొంతుక్కూర్చుని అతను చేతితొడుగులు మళ్ళీ పైకి లాక్కున్నాడు. నీలంరంగు రబ్బరు తొడుగులు. ఎడమచేతిదానికి చిటికెనవేలి దగ్గర అప్పుడే చిల్లు పడింది. లోపల వేళ్ళు ఉడికిపోతున్నాయి, పైన రాయి జారిపోతోంది, పట్టు కుదరడం లేదు. మగ్గులోంచి కాసిని నీళ్ళు చిలకరించి, చేతిలో ఇమిడే పాలిషు రాయిని గోడ అంచుకు ఆనించి ముందుకూ వెనక్కూ తోశాడు. తెల్లటి రాతిపాలు తొడుగు మీదుగా కారి మణికట్టు దగ్గర ఆగాయి.

గది మధ్యలో నేలకు పాలిష్ పట్టే పెద్ద యంత్రం తిరుగుతోంది. దాన్ని నడిపే మనిషిని పనివాళ్ళంతా గిరగిర అంటారు. యంత్రం గుండ్రంగా తిరుగుతుంది, గదులేమో నలుచదరంగా కడతారు. ఆ తేడాలోనే ఇతని బతుకంతా తెల్లారిపోయింది. యంత్రం చేరని మూలలు, గోడవార జానెడు పట్టీ, తలుపు వెనక సందు, మెట్ల కింద చీకటి, అన్నీ ఇతని వంతు. పనిలో చేరిన కొత్తలో ఎవరో వేళాకోళానికి మూల అని పిలిచారు. ఆ పిలుపు అతుక్కుపోయింది. భార్య కూడా కోపం వచ్చినప్పుడు అదే పేరుతో పిలుస్తుంది. కోపం ఆమెకు తరచుగా వస్తుంది.

మనిషి సన్నగా ఉంటాడు. ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చోవడంతో మోకాళ్ళు పక్కలకు వంగిపోయి, నిలబడినా సగం కూర్చున్నట్టే కనిపిస్తాడు. కనుబొమల్లో, చెవి మడతల్లో, మెడ ముడతల్లో తెల్లపొడి. స్నానం చేసినా పోదు. దగ్గితే ఛాతీలో గులకరాళ్ళు కదిలిన చప్పుడవుతుంది. డాక్టరుకు చూపించుకోమని ఎవరూ అనలేదు, అతనికీ తోచలేదు. ఈ పనిలో దగ్గు అందరికీ ఉండేదే.

"మూలా, ఆ ఊళ్ళో కూడా గోడవారే పాకుతావా?" గిరగిర యంత్రం చప్పుడు మీదుగా అరిచాడు.

"మధ్యలోనే నడుస్తా. చెప్పులు విప్పి నడుస్తా" అన్నాడు అతను తల ఎత్తకుండా.

"పోలీసులు పట్టుకుపోతారు."

"నడిస్తే ఎందుకు పట్టుకుపోతారు?"

"వీధి కొలవడానికి వచ్చావనుకుంటారు."

అతను చేస్తున్న పని ఆపి నిజంగానే ఆలోచించాడు. "అడిగితే చెప్తాలే, చూడ్డానికే వచ్చానని."

గిరగిర నవ్వు దాచుకోవడానికి యంత్రాన్ని అవతలి గోడవైపు మళ్ళించాడు. వాడికి అసలు సంగతి తెలుసు. పనివాళ్ళందరికీ తెలుసు. తెలిసి కూడా రోజుకొకరు వంతులేసుకుని ఆ ఊరి గురించి ఇతన్ని కదిలిస్తారు, ఇతను ప్రతిసారీ కొత్తగా అడిగారనుకుని ఓపిగ్గా జవాబు చెప్తాడు.

ఆ ఊరు మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది. చుట్టూ గోడ ఉన్న పాత కోట ఊరు. దాని పేరు ఇతనికి నోరు తిరగదు. అందుకని ఆ ఊరు అంటాడు. ఇంట్లోవాళ్ళూ పనివాళ్ళూ అలాగే అనడం నేర్చుకున్నారు, కాకపోతే వాళ్ళు అనేటప్పుడు మూతి ఒక పక్కకు తిప్పుతారు. చాలా ఏళ్ళ కిందట ఒక ముసలి ఓడ ఇంజనీరు ఇంట్లో మూలలు రుద్దుతుంటే గోడమీద ఆ ఊరి ఫొటో కనిపించింది. రెండు పక్కలా రాతి ఇళ్ళు, మధ్యలో పొడవాటి రాతివీధి. ఇళ్ళ నీడలు నీళ్ళలో పడ్డట్టు ఆ రాయిలో పడి ఉన్నాయి. వాన కురిసిందా అని అడిగాడు. లేదు, రాయే అలా ఉంటుందన్నాడు ఇంజనీరు. పాలిష్ ఎవరు పట్టారని అడిగాడు. ఎవరూ పట్టలేదయ్యా, వందల ఏళ్ళుగా జనం నడిచి నడిచి అలా అయిందన్నాడు.

అతను నమ్మలేదు. గరుకు రాయితో మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి నున్న రాళ్ళు మార్చి, పొడి చల్లి, గోనెపట్టాతో నడుం విరిగేలా రుద్దితే గాని రాని మెరుపు ఊరికే నడిస్తే వస్తుందా? మధ్యలో వచ్చిందంటే వచ్చిందనుకోవచ్చు. ఫొటోలో గోడవార కూడా మెరుస్తోంది. అంటే ఆ ఊళ్ళో మూలలు కూర్చుని రుద్దే మనిషి అవసరం లేకపోయింది. ఆ సంగతి అతన్ని పట్టుకుని వదల్లేదు. ఒక్కసారి వెళ్ళి, చెప్పులు విప్పి, గోడవార అరికాలు ఆనించి చూడాలి. బతుకులో అతను కోరుకున్నది అదొక్కటే. పిల్లలు కావాలని కూడా అంత గట్టిగా కోరుకోలేదు, వాళ్ళు పుట్టనూ లేదు.

ఆ రోజుల్లోనే అతను ఎవరింట్లోనో మిగిలిపోయిన గరుకు సున్నపురాయి పలక ఒకటి తెచ్చి తన ఇంటి గుమ్మం ముందు పాతాడు. యంత్రం తగలని రాయి, పొడి పడని రాయి. అందరూ దాని మీద కాలు పెట్టి లోపలికి రావాలని, నడిస్తే మెరుపు వస్తుందో రాదో తేల్చుకుందామని భార్యతో చెప్పాడు. చెప్పడమే పొరపాటైంది.

"మీ పిచ్చికి నా కాళ్ళు అరగదీసుకోవాలా?" అని ఆమె మర్నాటి నుంచి పలకను దాటి నడవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి ఆమె తమ్ముడు, తమ్ముణ్ణి చూసి వచ్చేపోయేవాళ్ళు దాటారు. మొదట్లో అది ఏడిపించడానికి చేసిన పని. తర్వాత్తర్వాత ఎందుకు దాటుతున్నారో మర్చిపోయి దాటారు. పలక మీద కాలు పెట్టేది అతనొక్కడే అయ్యాడు. పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి, తీరిక దొరికితే ఊరికే కొంతసేపు నిలబడి.

ఆమె తమ్ముడే ఇప్పుడు మేస్త్రీ. పని నేర్పింది ఇతనే. ఇతని వెనక మగ్గు మోసినవాడు యంత్రాలు కొన్నాడు, పనివాళ్ళను పెట్టుకున్నాడు, ఇతనికి కూడా పని ఇస్తున్నాడు. ఒకప్పుడు వాణ్ణి ఒరేయ్ అని పిలిచేవాడు. పనిలో నలుగురి ముందూ మేస్త్రీ అని పిలిచి పిలిచి, ఇంట్లో కూడా నోటికి అదే వస్తోంది. వాడు ఒక్కసారి కూడా వద్దనలేదు.

పాలిష్ పొడి అమ్మే కంపెనీ మేస్త్రీలకు ఏటా ఒక ఆశ పెడుతుంది. ఎక్కువ పొడి వాడినవాళ్ళకు ఇద్దరు మనుషుల విదేశీ ప్రయాణం. వాడినట్టు రుజువుగా ప్యాకెట్ల మూతులు కత్తిరించి పంపాలి. మేస్త్రీకి అంత ఓపిక లేదు. మూలే ప్రతి ఇంట్లోనూ బురదలోంచి ప్యాకెట్లు ఏరి, మూతులు కత్తిరించి, కడిగి, దండేనికి ఆరేసి, దొంతర్లు కట్టాడు. ఈ ఏడు కంపెనీ ఎంచిన ఊరు ఆ ఊరేనని, మేస్త్రీకి ప్రయాణం తగిలిందని తెలిసిన రోజు అతనికి ముద్ద దిగలేదు.

"ఇంకెవరొస్తారు? ఏరింది నువ్వే కదా బావా. నువ్వూ నేనూ" అన్నాడు మేస్త్రీ అందరి ముందూ.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అని ఉంటాడు. మనుషులు మాట ఇచ్చేటప్పుడు సాధారణంగా అబద్ధమాడరు, ఆ తర్వాతే ఆడతారు.

చిక్కు వీసా ఆఫీసులో వచ్చింది. నెల కిందట ఇద్దరూ వెళ్తే అద్దం మీద వేళ్ళు పెట్టమన్నారు. మేస్త్రీ వేళ్ళ ముద్రలు పడ్డాయి. ఇతను పెడితే తెర మీద తెల్లటి మచ్చలు తప్ప గీతలు లేవు. ఇన్నేళ్ళూ నేలను రుద్దుతున్నానని అతను అనుకున్నాడు గాని, నేల కూడా అతన్ని రుద్దుతూనే ఉంది. వేళ్ళ కొసలు గాజుగోళీల్లా నున్నగా తేలాయి. కౌంటరులోని అమ్మాయి ఇలాంటివాళ్ళను చూసే ఉంది. చర్మం మళ్ళీ పెరుగుతుంది, నెల రోజులు రాయి ముట్టుకోకండి, పడుకునే ముందు నూనె రాసుకోండి, మళ్ళీ రండి అంది. మళ్ళీ రమ్మన్న రోజు ఇవాళే. కంపెనీ పెట్టిన ఆఖరి గడువూ ఇవాళే.

పనివాళ్ళందరికీ తెలిసి అతనికి తెలియనిది ఏమిటంటే, ఆ రోజు అతను బయట కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నప్పుడు మేస్త్రీ, ఎందుకైనా మంచిదని ముందే తీయించి ఉంచిన తన అక్క కాగితాలు కూడా కౌంటరులో ఇచ్చాడు. ఒకవేళ బావ వేళ్ళు పడకపోతే అక్క వస్తుంది, అంతే. తప్పేమీ లేదు. కానీ ఆ ఒకవేళ అనే మాట ఇంటికి చేరి అక్క చెవిన పడింది. ఆమె పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ రెండు గదులు, వీధి చివర కొట్టు తప్ప ఏమీ చూసిన మనిషి కాదు. రాతివీధి ఆమెకు అక్కర్లేదు. విమానంలో కిటికీ పక్క సీటు కావాలి, ఎవరో వండి తెచ్చిపెడితే తినాలి, తిరిగొచ్చాక పక్కింటావిడ ముందు ఆ సంగతి రెండుసార్లు చెప్పాలి. ఆశపడటం నేరం కాదు. కాకపోతే ఆ మర్నాటి నుంచి ఆమెకు నడుం నొప్పి పట్టుకుంది. మాడిన గిన్నెలన్నీ భర్త ముందు పడేసి తీగపీచు చేతికిచ్చేది. నూనె సీసా రెండోనాటికి కనిపించకుండా పోయింది. అతను అడిగితే వెతుక్కోమంది. అతను నిజంగానే అలమరలన్నీ వెతికాడు.

మేస్త్రీ కూడా ఏమీ చేయలేదు, పని మాన్పించలేదంతే. "నెల్లాళ్ళు కూర్చుంటే నీ మూలలు ఎవడు రుద్దుతాడు బావా? తొడుగులేసుకుని కానివ్వు" అన్నాడు. అతను తొడుగులు వేసుకుని నెలంతా కానిచ్చాడు. గిన్నెలు తోమేటప్పుడు కూడా తొడుగులే. పడుకునే ముందు వేళ్ళ కొసలను దీపానికి అడ్డంగా పెట్టి చూసుకునేవాడు. ఈ నాలుగైదు రోజులుగా బొటనవేలి మీద, చూపుడువేలి మీద సన్నటి గీతలు మొలవడం కనిపించింది. పొలంలో మొలకలు చూసుకునే మనిషిలా వాటిని చూసుకుని మురిసిపోయాడు, భార్యకు కూడా చూపించాడు. ఆమె చూసి, బాగానే ఉన్నాయి అంది.

పది దాటాక మేస్త్రీ వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా. బురద తగలకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మధ్యాహ్నం వెళ్ళాలి కదా మేస్త్రీ" అన్నాడు మూల.

"వెళ్దాం. అక్క కూడా వస్తానంటోంది, నీకు తోడు. ముందు ఆ కిటికీ కింద మూల సంగతి చూడు. రాయి మీద గీత పడి ఉందని ఇంటావిడ నిన్న ఫోన్లో ఒకటే గోల."

"రెండుసార్లు చూశా. నాకేం తగల్లేదు."

"తొడుగుల్లోంచి నీకేం తగుల్తుంది బావా?" మేస్త్రీ నవ్వాడు. "పోన్లే వదిలేయ్. గిరగిరగాడు చేస్తాడు."

ఈ మనిషిని ఎక్కడ నొక్కితే ఎక్కడ కదులుతాడో మేస్త్రీకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడు. తన మూలను ఇంకొకరు ముట్టుకుంటే ఇతను కిమ్మనకుండా ఊరుకోలేడు, అన్నం మానేసైనా మళ్ళీ తనే చేస్తాడు.

"వాడికి చేతకాదు" అన్నాడు మూల.

"నీ ఇష్టం. నేను కింద ఉంటా" అని మేస్త్రీ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు, అవసరం లేదని తెలుసు.

కిటికీ కింద మూల. వెలుగు ఏటవాలుగా పడుతోంది. కంటికి ఏమీ కనిపించడం లేదు. తొడుగు వేలితో ఒకటికి నాలుగుసార్లు తడిమాడు. రబ్బరు గరుకో, రాయి గరుకో తేల్చుకోలేకపోయాడు. ఇలాంటి గీతలు కంటికంటే ముందు వేలికి దొరుకుతాయి. ఈ పనిలో ఉన్నవాళ్ళంతా చివరికి నమ్మేది వేలినే. కాసేపు అటూ ఇటూ చూశాడు. గిరగిర యంత్రం ఆపి టీ తాగడానికి వెళ్ళాడు. ఒక్క వేలే కదా అనుకుని కుడిచేతి తొడుగు విప్పాడు.

గీత వెంటనే దొరికింది. వెంట్రుక మందం, జానెడు పొడవు. గోడలోంచి బయల్దేరి వంకరగా వచ్చి ఆగింది. దాన్ని తీయాలంటే మళ్ళీ గరుకు రాయి దగ్గర్నుంచి రావాలి. తొడుగుతో గరుకు రాయి పట్టుకుంటే అది ఎగిరి కొత్త గీత పడుతుంది. రెండో తొడుగు కూడా విప్పి బకెట్టు అంచుకు వేలాడదీశాడు.

ఆ తర్వాత అతను ఆ ఊరిని మర్చిపోయాడు. నమ్మడం కష్టంగానే ఉంటుంది, కానీ మర్చిపోయాడు. పని పట్టిన మనిషికి ఇంకేమీ గుర్తుండదు. గరుకు రాయి, నీళ్ళు, తుడుపు, వేలు. దాని తర్వాతి రాయి, నీళ్ళు, తుడుపు, వేలు. మోకాళ్ళ మీద పడి, చెంప గోడకు ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని రుద్దుతూనే ఉన్నాడు. మధ్యలో దగ్గు తెర వస్తే మోచేత్తో మూతి తుడుచుకున్నాడు. చివరికి పొడి చల్లి గోనెపట్టాతో పాలిష్ పట్టాడు. బురద కడిగి గుడ్డతో ఒత్తితే మూలలో కిటికీ చువ్వలు కనిపించాయి, చువ్వల వెనక మబ్బు కూడా కనిపించింది. వేలు పెట్టి గోడ నుంచి బయటికి లాగాడు. ఏమీ తగల్లేదు. రాయి ఎక్కడ అయిపోయిందో, వేలు ఎక్కడ మొదలైందో తెలియలేదు. హాయిగా ఊపిరి వదిలాడు.

అప్పుడు బకెట్టుకు వేలాడుతున్న తొడుగులు కనిపించాయి. చేయి తిప్పి వేళ్ళ కొసలు చూసుకున్నాడు. ఎర్రగా, తడిగా, నున్నగా మెరుస్తున్నాయి. గబగబా ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ చూశాడు, తుడిస్తే గీతలు బయటపడతాయన్నట్టు.

"అయిందా బావా?" కింద నుంచి మేస్త్రీ కేకేశాడు.

"అయింది" అన్నాడు.

వీసా ఆఫీసులో చల్లగా ఉంది. నేల పెద్ద పెద్ద పలకలది, గోడవార ఎవరూ సరిగ్గా పట్టలేదు, మసగ్గా ఉంది. అతను వరుస కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. వెచ్చగా ఉంటే చర్మం పొంగుతుందేమోనని ఆశ. భార్య కొత్త చెప్పులు వేసుకుని వచ్చింది. జుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకుంది. తోడు రావడానికి ఇంత ముస్తాబు ఎందుకని అతనికి తట్టలేదు. బాగున్నావన్నాడు. ఆమె గోడవైపు చూసింది.

పిలిచాక వెళ్ళి నాలుగు వేళ్ళు అద్దం మీద పెట్టాడు. తెర తెల్లబోయింది. కౌంటరులో అమ్మాయి తడిగుడ్డతో అద్దం తుడిచింది, అతని వేళ్ళు తుడిచింది, ఏదో మందు రాసి ఊదమంది. ఊదాడు. గట్టిగా నొక్కమంది. గోళ్ళు పాలిపోయేదాకా నొక్కాడు. ఒక్కొక్క వేలూ విడిగా పెట్టించింది. బొటనవేలి కింద భాగంలో రెండు మూడు గీతలు దోబూచులాడి మాయమయ్యాయి.

"రాయి ముట్టుకోవద్దన్నానండి."

"ముట్టుకోలేదమ్మా. తొడుగులేసుకున్నా. ఇవాళ పొద్దున ఒక్క మూల…" అని ఆగిపోయాడు.

"మరి డాక్టరు కాగితం తెచ్చారా?"

"ఏం కాగితం?"

"వేళ్ళు అరిగిపోయినవాళ్ళు డాక్టరు దగ్గర రాయించుకొస్తే ముద్రలు లేకుండానే తీసుకుంటాం. పోయినసారి మీతో వచ్చినాయనకి చెప్పి పంపాను కదా."

అతను వెనక్కి తిరిగాడు. మేస్త్రీ ఫోనులోకి చూస్తున్నాడు. "మర్చేపోయాను బావా. పని ఒత్తిడిలో పడి."

"రేపు తెస్తానమ్మా" అన్నాడు అతను కౌంటరువైపు తిరిగి.

"మీ కంపెనీ గడువు ఇవాళేనండి. నా చేతిలో లేదు." ఆ అమ్మాయి గొంతులో కాస్త జాలి ఉంది. దాన్ని అతని మీద ఖర్చు చేసి, చేతిలో కాగితాలు తిరగేసి, అదే గొంతుతో తర్వాతి మనిషిని పిలిచింది. పిలిచింది అతని భార్యనే.

ఆమె లేచి వచ్చింది. భర్త పక్కనుంచి, తగలకుండా, కొద్దిగా ఒత్తిగిలి వచ్చి అద్దం మీద చేయి పెట్టింది. తెర నిండా గీతలు విచ్చుకున్నాయి. వంపులు తిరిగి, సుడులు తిరిగి, ఒక్కటి కూడా చెదరకుండా. నొక్కమనాల్సిన పని కూడా లేకపోయింది. నెలరోజులుగా గిన్నె తోమని చేయి.

అతను ఆ తెర వంక నోరు తెరిచి చూశాడు. కోపం వచ్చి ఉంటే బాగుండేది. అతనికి మొదట కలిగింది ఆశ్చర్యమే, ఒక మనిషి వేళ్ళ మీద అన్ని గీతలుంటాయా అని. మిగతాదంతా మెల్లగా, ఒక్కొక్కటిగా తలకెక్కింది. తీగపీచు, నూనె సీసా, కిటికీ కింద మూల, నున్నగా దువ్విన జుట్టు. అన్నీ తలకెక్కేసరికి ముగ్గురూ బయట బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"నువ్వు వెళ్తావన్నమాట" అన్నాడు.

"టికెట్టు ఊరికే పాడవకూడదు కదా" అంది ఆమె రోడ్డు వంక చూస్తూ.

"ముందే చెప్పి ఉంటే సరిపోయేది."

"చెప్తే మీరు నెల ముందు నుంచే ఏడుస్తారు. ఇప్పుడైతే ఒక్క రోజు."

మేస్త్రీ నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. బస్సు వచ్చింది. ఆమెకు, తమ్ముడికి సీట్లు దొరికాయి. అతను వాళ్ళ సీటు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. సగం దారిలో వంగి ఆమెతో అన్నాడు.

"ఒక పని చేసిపెట్టు. ఆ వీధిలో గోడవారకి వెళ్ళి చెప్పులు విప్పి నిలబడు. మధ్యలో కాదు, గోడవార. ఎలా ఉందో వచ్చి చెప్పు."

"అక్కడ చలంట. చెప్పులు విప్పితే కాళ్ళు పగుల్తాయి" అంది.

"ఒక్క నిమిషం."

"సరేలెండి, చూద్దాం" అంది, పక్కసీటావిడ వింటోందని.

ఇల్లు చేరేసరికి ఎండ వాలింది. మేస్త్రీ ముందు నడిచి, పలక దాటి లోపలికి వెళ్ళాడు. వెనకే ఆమె దాటింది. అతను పలక మీద కాలు పెట్టి ఆగిపోయాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. చుట్టూ రాయి ఇంకా తెచ్చిన రోజులాగే గరుకుగా, బూడిదరంగులో ఉంది. రెండు పాదాలు పెట్టే చోట మాత్రం నున్నబడి, వాలు ఎండలో లేతగా మెరుస్తోంది. అంత మెరుపు ఉందని ఇన్నాళ్ళూ అతను చూసుకోలేదు, ఎప్పుడూ దాని మీదే నిలబడటం వల్ల. పక్కకు జరిగి వంగి చూశాడు. తర్వాత వేలితో తడిమాడు. పాదాల దగ్గర ఏమీ తగల్లేదు, బయటికి రాగానే గరుకు. ఇంజనీరు అబద్ధం చెప్పలేదన్నమాట. నడిస్తే వస్తుంది. మనుషులుండాలి, అంతే.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. లోపల అక్కా తమ్ముడూ అటక మీంచి పెట్టె దించుతున్నారు. చక్రాలున్న పెట్టె, మేస్త్రీ ఎక్కడో సంపాదించి నెల కిందటే తెచ్చి దాచాడు. నీలం బాగుంటుందా, గళ్ళది బాగుంటుందా అని ఆమె అడుగుతోంది. అక్కడ ఎవరు చూస్తారే అంటున్నాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఆమె అంత పెద్దగా నవ్వడం అతను చాలాకాలంగా వినలేదు.

దగ్గు వచ్చింది. గుమ్మం పక్క గోడకు ఆనుకుని కూర్చుని, పాదాలు రెండూ పలక మీద, వాటి చోట్లో పెట్టుకున్నాడు. దగ్గు ఒక తెర వచ్చి పోయింది. ఇంకో తెర వచ్చింది, అది మొదటిదానికంటే పొడవైనది. లోపలినుంచి ఆమె విసుగ్గా, కాసిని నీళ్ళు తాగకూడదూ అంది. నీళ్ళు ఎవరూ తేలేదు. కాసేపటికి దగ్గు ఆగింది. ఆగడం లోపలున్న ఇద్దరికీ హాయిగా అనిపించింది, మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. పెట్టె తాళం పనిచేస్తుందో లేదో చూశారు. చక్రాలు గదిలో అటూ ఇటూ దొర్లించారు. బట్టలు రెండు దొంతర్లు పెట్టి, ఒకటి తీసేసి, మళ్ళీ పెట్టారు. దీపం వేయడానికి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆమె, "ఇక లేవండి, ఎంతసేపు ఆ రాయి మీద" అంది. అతను లేవలేదు.

ఆమె ఏడ్చింది. అబద్ధం ఎందుకు, నిజంగానే ఏడ్చింది. మేస్త్రీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు, నాకు పని నేర్పిన మనిషి అని వచ్చినవాళ్ళందరితోనూ చెప్పాడు. పనివాళ్ళు వచ్చారు. మర్నాడు మోసుకెళ్ళేటప్పుడు ముందు గిరగిర, మేస్త్రీ, వెనక ఇద్దరు. గుమ్మం దాటుతూ నలుగురూ, బరువుతో తూలుతూ కూడా, అలవాటు కొద్దీ పలక మీద అడుగు పడకుండా కాలు చాచి అవతల వేశారు.

ప్రయాణం ఆగలేదు. టికెట్లు మార్చడం కుదరదని కంపెనీవాళ్ళు చెప్పారు. మార్చమని గట్టిగా ఎవరూ అడగలేదు కూడా. పక్కింటావిడ ముక్కు మీద వేలేసుకుంది. "ఆయన కోరికే కదమ్మా, ఆయన బదులు చూసొస్తా" అని ఆమె సమాధానం చెప్పింది. చెప్పగా చెప్పగా ఆమెకే అది నిజమనిపించింది.

బయల్దేరిన రోజు పొద్దున్నే మేస్త్రీ వీధిలో అద్దెబండి ఆపించి హారన్ కొట్టించాడు. ఆమె తలుపుకు తాళం వేసింది. పలక ముందు ఒక్క క్షణం ఆగింది. కొత్త చెప్పు ఉన్న కాలు పైకెత్తింది, దించబోయింది. మళ్ళీ హారన్ మోగింది. ఆమె ఎప్పటిలాగే కాలు చాచి అవతల వేసి, చేయి వెనక్కి చాచి పెట్టెను పలక మీదుగా బరబరా లాక్కుంది. చక్రానికి ఇసుక రేణువు ఒకటి అతుక్కుని ఉంది.

గుమ్మం ముందు పలక, దాని మీద రెండు పాదాల మేర మెరుపు, ఆ మెరుపుకు అడ్డంగా వెంట్రుక మందం గీత, వేలు పెట్టి తడిమితే తప్ప తెలియనిది.